గీత ఎక్కడ గీయాలి? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత నెల సంచికలో పెరంబూరు పాఠకుడొకరి చిన్న ఉత్తరం వేశాం. “మార్కులకే సీటు, పనికే జీతం, ఇంకేం కావాలి?” అన్నది ఆయన మాట. దాని మీద చెన్నై నలుమూలల నుంచీ ఉత్తరాలొచ్చాయి. కొన్ని మెచ్చుకోళ్లు, కొన్ని తిట్లు, ఎక్కువ భాగం సొంత ఇంటి చిక్కులు. ఆ చిక్కుల్లోంచే కొన్ని ఎంచి జవాబులిస్తున్నాం. మొదట ఆయన వంతే.

ప్రశ్న: ఐదు వేళ్లూ సమానంగా ఉండవు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే టైము ఇస్తే అవకాశం సమానమైనట్టే. ఆ తర్వాత ఎవరికి ఎంత వస్తే అంత. ఫలితం కూడా సమానంగా పంచాలంటే కష్టపడేవాడికి అన్యాయం కాదా?
– రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, పెరంబూరు

జవాబు: అన్యాయమే. ఫలితాలన్నీ ఒక్కటి చేయమని మన రాజ్యాంగమూ అడగలేదు. 16(1) అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం అంటుంది. 1978లో 44వ సవరణతో చేరిన 38(2) ఆదాయాల్లో అసమానతలు తగ్గించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలంటుంది. తగ్గించడమే, తుడిచేయడం కాదు. అంతవరకూ మీతో పేచీ లేదండీ. పేచీ అంతా ప్రశ్నపత్రం దగ్గరే పందెం మొదలవుతుందనే మాటతో.

పార్క్‌టౌన్ నెహ్రూ స్టేడియంలో 400 మీటర్ల పరుగు చూసే ఉంటారు. ఎనిమిది మందీ ఒకే గీత మీద నిలబడరు. రెండో లేన్‌లో ఉన్నవాడు మొదటి లేన్ వాడికంటే 7.04 మీటర్లు ముందు, మూడో లేన్ వాడు 14.70 మీటర్లు ముందు, ఎనిమిదో లేన్ వాడైతే ఏకంగా 53.03 మీటర్లు ముందు నిలబడతాడు. మొదటిసారి చూసేవాడు ఇదేం ఆట అనుకుంటాడు. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. వంపు తిరిగినచోట ఒక్కో లేన్ బయటికి జరిగేకొద్దీ చుట్టు దాదాపు 7.67 మీటర్లు పెరుగుతుంది. (మొదటి లేన్‌ను లోపలి అంచు నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర, మిగతావాటిని 20 దగ్గర కొలుస్తారు కాబట్టి మొదటి తేడా కొంచెం తక్కువ.) ఆ పెరిగిన మేరకే ముందుకు జరుపుతారు. 100 మీటర్ల పరుగులో దారి తిన్నగా ఉంటుంది గనక అందరికీ ఒకే గీత. ఆఖరి గీత మాత్రం రెండు పందేల్లోనూ అందరికీ ఒక్కటే. ముందొచ్చినవాడిదే మెడల్.

సమాజంలో తగువంతా వంపును కొలవడం దగ్గరే వస్తుంది. ట్రాక్‌కు టేపుంది, బతుకులకు లేదు. కులంతో కొలవాలా, ఆదాయంతోనా, చదివిన బడితోనా, పుట్టిన ఊరితోనా? ఒక్కో కొలబద్ద కొంతమందిని పట్టుకుంటుంది, కొంతమందిని వదిలేస్తుంది.

తమిళనాడులో 2020లో వచ్చిన 7.5 శాతం చట్టం బడిని కొలబద్దగా తీసుకుంది. నీట్ రాసినవాళ్లలో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకూ ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు రాష్ట్ర కోటా మెడికల్ సీట్లలో ఆ వాటా విడిగా పెట్టారు. అంతకుముందు ఈ పిల్లల్లో ఎంబీబీఎస్ సీటు దక్కేది వేళ్ల మీద లెక్కపెట్టేంతమందికే. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, కోచింగ్ మాత్రం ఒకటి కాదు మరి. జస్టిస్ కలైయరసన్ కమిటీ 10 శాతం అంది, ప్రభుత్వం 7.5 దగ్గర ఆగింది. 2022లో మద్రాసు హైకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది.

ఆ మొదటి ఏడు కౌన్సెలింగ్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సీటొచ్చిన పిల్లల్లో కొందరు ప్రైవేటు కాలేజీ ఫీజు చూసి సీటు వదులుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాతే ఫీజు ప్రభుత్వమే కడుతుందని ప్రకటన వచ్చింది. చట్టం గీతను ముందుకు జరిపింది గానీ కాళ్లకు చెప్పులున్నాయో లేవో చూడలేదు.

ఇక ఎయిడెడ్ బడి పిల్లలు ఈ 7.5లోకి రారు. అదే వీధి, అదే కూలి కుటుంబం, బడి బోర్డు మీద మాట మాత్రం వేరు. ఈ కొలబద్ద వదిలేసినవాళ్లు వీళ్లు.

అవకాశం వేరు, ఫలితం వేరు అని మనం గోడ కట్టినట్టు మాట్లాడతాం గానీ, తండ్రికొచ్చిన ఫలితమే కొడుక్కి అవకాశం. మీ జీతం మీకు ఫలితం, అదే మీ అబ్బాయి ట్యూషన్ ఫీజు. అందుకే మా మాట ఇది: ఆఖరి గీత దగ్గర తేడాలు ఉండనివ్వండి, అవి ఎంతవరకు పిల్లల మొదటి గీతను జరుపుతున్నాయో అంతవరకే ప్రభుత్వం జోక్యం చేసుకోవాలి.

ప్రశ్న: మేం ఓసీ. మా అమ్మాయికి ఇంజనీరింగ్ కటాఫ్ 200కి 191. తమిళనాడులో 69 శాతం పోగా మాకు మిగిలేది 31 సీట్లే. దేశమంతా 50 దాటకూడదంటే ఇక్కడెలా దాటింది? మా పిల్లకు ఏ దారీ లేదా?
– ఒక తల్లి, టీ నగర్

జవాబు: ముందు ఒక దురభిప్రాయం తీసేద్దామమ్మా. ఆ 31 సీట్లు ఓసీల కోటా కాదు, అందరివీ. వందలో బీసీ 26.5, బీసీ ముస్లిం 3.5, ఎంబీసీ-డీఎన్‌సీ (మరీ వెనకబడిన, డీనోటిఫైడ్ కులాలు) 20, ఎస్సీ 18, ఎస్టీ 1 పోగా మిగిలిన 31 మార్కుల వరసలో ఏ కులంవాళ్లకైనా వెళతాయి. 198 వచ్చిన బీసీ అమ్మాయి ముందు ఓపెన్ సీటే తీసుకుంటుంది, బీసీ వాటాలోంచి కాదు. అందుకని మీ అమ్మాయి ర్యాంకును వందలో 31తో లెక్కేయకండి. కిందటేడు కౌన్సెలింగ్‌లో కాలేజీవారీగా, బ్రాంచివారీగా ఓసీ కటాఫ్ ఎక్కడ ఆగిందో చూసి లెక్కేయండి. పెద్ద కాలేజీల్లో ఓసీకీ బీసీకీ తేడా మీరనుకున్నంత ఉండదు.

50 దాటడం సంగతి. ఈ ఊరికీ ఈ తగువుకూ పాత సంబంధం. మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లకూ ఇన్ని ఈ కులానికి, ఇన్ని ఆ మతానికి అని వాటాలుండేవి. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రెండు నెలలు తిరిగేసరికి రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, వెనకబడినవాళ్లకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చన్న 15(4) చేరింది. 50 మించకూడదన్న మాట మొదట మైసూరు రాష్ట్రం మీద వేసిన బాలాజీ కేసులో వచ్చింది, 1992లో మండల్ కేసులో గట్టిపడింది. దాన్ని తప్పించుకోవడానికే తమిళనాడు 1994లో 45వ నంబరు చట్టం చేసింది. 76వ సవరణతో దాన్ని, చట్టాలకు కోర్టు సవాళ్ల నుంచి కొంత రక్షణ ఇచ్చే తొమ్మిదో షెడ్యూల్లో పెట్టించింది. అందుకే ఇక్కడ 69 నిలిచింది.

న్యాయమేనా అంటారా? వంపు నిజమే. 69 అనే అంకె మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా కొలిచి తేల్చింది కాదు. ఒకసారి గీసిన గీతను మళ్లీ కొలవకుండా వదిలేస్తే అది కూడా అన్యాయంగా మారొచ్చు. ఇది ఓసీలకే కాదు, బీసీల్లోనే అడుగున ఉన్న చిన్న కులాలకూ నష్టం. రాష్ట్ర బీసీ కోటాలో క్రీమీ లేయర్‌ను, అంటే బాగా స్థిరపడిన పైవర్గాన్ని, తీసేయడం లేదు. అందువల్ల రెండు తరాలుగా డాక్టర్లున్న ఇంటి పిల్లా, మగ్గం నేసేవాళ్ల పిల్లా ఒకే వరసలో నిలబడుతున్నారు.

మీకున్న దారి ఈడబ్ల్యూఎస్, అంటే వేరే రిజర్వేషన్ లేని కులాల్లోని పేదల కోటా. తమిళనాడు తన కాలేజీల్లో దీన్ని అమలు చేయడం లేదు. ఐఐటీ, ఎన్ఐటీ లాంటి కేంద్ర సంస్థల్లో, కేంద్ర ఉద్యోగాల్లో 10 శాతం ఉంది. షరతులు: అన్ని రకాల ఆదాయం కలిపి కిందటి ఆర్థిక సంవత్సరంలో 8 లక్షల లోపు, వ్యవసాయ భూమి 5 ఎకరాల లోపు, ఫ్లాట్ 1000 చదరపు అడుగుల లోపు, నోటిఫైడ్ మునిసిపాలిటీలో ఇంటి స్థలం 100 చదరపు గజాల లోపు, బయట 200 లోపు. ఇందులో ఒక్కటి దాటినా సర్టిఫికెట్ రాదు. కుటుంబం అంటే మీ అమ్మాయి, మీరిద్దరూ, 18 లోపు తోబుట్టువులు. ఊళ్లో వాటాగా వచ్చిన పాత ఇల్లు కూడా కలుస్తుంది, చాలామంది అక్కడే పడిపోతారు. అద్దె ఇంట్లో ఉంటూ 7 లక్షల 90 వేలు సంపాదించేవాళ్లకు సర్టిఫికెట్ వస్తుంది. తాతగారి నుంచి వచ్చిన 1050 అడుగుల సొంత ఫ్లాట్‌లో 3 లక్షలతో ఈడ్చేవాళ్లకు రాదు. ఇదీ ఒక కొలబద్దే మరి.

పక్కనే బీసీ పాఠకులకూ ఒక మాట. మీ చేతిలో ఉన్న రాష్ట్ర కమ్యూనిటీ సర్టిఫికెట్ జేఈఈ కౌన్సెలింగ్‌లో పనికిరాదు. కేంద్రం నమూనాలో ‘ఓబీసీ-నాన్ క్రీమీ లేయర్’ అని, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతి తేదీతో ఉండాలి. లేకపోతే ఓపెన్‌లోకి మారుస్తారు. ఇక్కడా గరిష్ఠం 8 లక్షలే గానీ లెక్క వేరు: మూడేళ్లు వరసగా దాటితేనే అనర్హులు, ప్రభుత్వోద్యోగి జీతం, వ్యవసాయ ఆదాయం అందులో కలపరు, తల్లిదండ్రుల పదవి మాత్రం విడిగా చూస్తారు. ఇంకొకటి, పేరు చివర ‘నాయుడు’ ఉన్నంత మాత్రాన ఏదీ తేలదు. తమిళనాడు బీసీ జాబితాలో గవర, గవరై, వడుగర్ ఉన్నారు, కానీ పక్కనే “కమ్మ, కాపు, బలిజ, రెడ్డి కాకుండా” అని రాసి ఉంది. బడి టీసీలో కులం గడిలో ‘నాయుడు’ అని రాయించినవాళ్లు తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగేది ఇందుకే.

ప్రశ్న: మేం మాదిగలం. మా నాన్న 1988లో సూళ్లూరుపేట దగ్గర నుంచి ఇక్కడికొచ్చి పారిశుధ్య పనిలో కుదిరాడు. నేను ఇక్కడే పుట్టాను, మా వాడూ ఇక్కడే పుట్టి ఇక్కడే చదివాడు. తమిళనాడు జాబితాలో మాదిగ ఉంది కదా, అయినా మీరు ఆంధ్రా వాళ్లు అని సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇది ఏ సమానత్వం?
– ఒక తండ్రి, పులియాన్‌తోపు

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో అన్నిటికంటే బరువైనది మీదే. అందుకని కొంచెం వివరంగా.

341 అధికరణం షెడ్యూల్డ్ కులాల్ని రాష్ట్రం వారీగా గుర్తిస్తుంది. ఒకే పేరు రెండు రాష్ట్రాల జాబితాల్లో ఉన్నా, ఒక చోటి హోదా రెండో చోటికి వెంట రాదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చిందిది. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబం, మెడికల్ సీటు తగువు. 2018లో బీర్‌సింగ్ కేసులో ఐదుగురు జడ్జీలు మళ్లీ అదే అన్నారు. కారణం ఏమిటంటే, వెనకబాటు అనేది ఆ గడ్డ మీద ఆ కులానికి జరిగిన అన్యాయాన్ని బట్టి కొలిచింది, కొత్తగా వచ్చినవాళ్లు స్థానికుల వాటాలో చేరితే వాళ్లకు తగ్గుతుంది. ఇందులో న్యాయం ఉంది. కానీ సరిహద్దులోని తడ దాటగానే చీపురు చేతులు మారలేదు, చూపులూ మారలేదు. ఇక్కడే పుట్టిన రెండో తరానికీ మూడో తరానికీ ఈ వాదన ఎలా వర్తిస్తుందో మాకు మింగుడుపడదు.

తేదీ చూస్తారు. ఎస్సీ జాబితా ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వచ్చింది. ఆనాటికి మీ పెద్దలు ఎక్కడ స్థిరపడి ఉన్నారన్నదే అసలు ప్రశ్న, మీరు ఎక్కడ పుట్టారన్నది కాదు. అందువల్ల ఆ తేదీకి ముందే మద్రాసులో కాపురమున్న తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు లేదు. తిరుత్తణి వైపు వాళ్లకూ లేదు, ఎందుకంటే 1960 ఏప్రిల్ 1న ఆ ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి ఇటు కలిసింది, వాళ్లు కదల్లేదు, సరిహద్దు కదిలింది. మీ తాతగారు గానీ నానమ్మ గానీ 1950కి ముందు ఇక్కడ ఉన్నారేమో ఒకసారి గట్టిగా వెతకండి. పాత బడి రిజిస్టరు, కార్పొరేషన్ పని రికార్డు, ఓటరు జాబితా ఏదైనా పనికొస్తుంది. వంశం మాత్రం తండ్రి వైపే చూస్తారు, అమ్మమ్మ కాగితం బలహీనం.

ఏదీ లేకపోతే ఇలా చేయండి. ముందు మీ నాన్నగారి పేరుతో సొంత మండలం తాసిల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రం తెప్పించండి. అది చూపి ఇక్కడి తాలూకా ఆఫీసులో ‘మరో రాష్ట్రం నుంచి వచ్చినవారు’ అన్న నమూనాలో మీకూ మీ అబ్బాయికీ సర్టిఫికెట్ అడగండి. ఇవ్వడానికి కేంద్ర హోం శాఖ ఉత్తర్వులు 1982 నుంచీ ఉన్నాయి. మామూలు కులం సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడితే తిప్పి పంపుతారు, చాలామంది పొరపాటు అదే. దరఖాస్తులోనే వలస నమూనా అని రాయండి. తిరస్కరిస్తే కారణం కాగితం మీద తీసుకోండి, నోటిమాటతో వెనక్కి రావద్దు.

ఆ పత్రం కేంద్ర ఉద్యోగాలు, బ్యాంకులు, రైల్వే, ఐఐటీలకు చెల్లుతుంది. మెడికల్‌లో విచిత్రం చూడండి. మద్రాసు మెడికల్ కాలేజీలో 15 శాతం సీట్లు అఖిల భారత కోటా, అక్కడ మీ అబ్బాయి ఎస్సీ. మిగతా 85 శాతంలో అదే కాలేజీకి, అదే నీట్ మార్కుతో దరఖాస్తు పెడితే ఓసీ. గేటు ఒకటే, రెండు లైన్లు. ఇంకొక విషయం, రెండు చోట్లా వేర్వేరుగా దరఖాస్తు పెట్టాలి, ఒకటి పెడితే రెండోది దానంతటది రాదు.

ఆంధ్రలో అడుగుదామంటే, అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలన్నది మూల నియమం. మీవాడు చదివింది ఇక్కడ. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అన్న సామెత ఇలాంటి పిల్లల కోసమే పుట్టినట్టుంది. ఎనిమిదో తరగతిలో ఉన్న చిన్నపిల్లలు ఇంట్లో ఉంటే, తొమ్మిది నుంచి సొంతూళ్లో చదివించే సంగతి ఇప్పుడే ఆలోచించండి, ఇంటరుకొచ్చాక ఆలస్యం.

స్థానిక కుటుంబాలకున్న సౌకర్యం కూడా చెప్పాలి. 2009 చట్టం అరుంధతీయులకు ఎస్సీ వాటాలో ప్రత్యేక భాగం ఇచ్చింది: ఆది ఆంధ్ర, అరుంధతీయర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఈ ఏడు కులాలకు. ఎస్సీ సీట్లలో 16 శాతం. అంటే 100 సీట్లలో ఎస్సీకి 18, అందులో 16 శాతం లెక్కన 2.88, సుమారు 3. ఆ మూడూ నిండాక కూడా మిగతా ఎస్సీ సీట్లకు మార్కుల వరసలో పోటీ పడొచ్చు. ఆంధ్రప్రదేశ్ 2000లో ఇలాంటి చట్టమే చేస్తే 2004లో చిన్నయ్య కేసులో కొట్టేశారు. 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ కేసులో ఏడుగురిలో ఆరుగురు జడ్జీలు ఆ తీర్పును పక్కన పెట్టి, ఎస్సీల్లో ఉపవర్గీకరణ చేయొచ్చన్నారు. వెనకబడినవాళ్ల లోపలా వంపులుంటాయని కోర్టు ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ప్రశ్న: మా పాపకు జూన్‌లో మూడు నిండాయి. ఆయన ఆటో నడుపుతారు. ప్రైవేటు బళ్లో ఆర్‌టీఈ సీటు అడగొచ్చంటున్నారు. నిజంగా ఫ్రీయేనా?
– ఒక గృహిణి, అంబత్తూరు

జవాబు: అడగొచ్చమ్మా. ఆర్‌టీఈ అంటే విద్యాహక్కు చట్టం. అందులో 12(1)(సి) ప్రకారం ప్రవేశ తరగతి సీట్లలో నాలుగో వంతు, అంటే 40 మంది ఎల్‌కేజీ సెక్షన్‌లో 10, ఇలాంటి పిల్లలకు ఇవ్వాలి. జులై 31 నాటికి మూడేళ్లు నిండాలి, మీ పాపకు సరిపోయింది. ఇల్లు బడికి కిలోమీటరు లోపు ఉండాలి. ఏడాది ఆదాయం 2 లక్షల లోపు అయితే బలహీన వర్గం కింద, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఎంబీసీ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా వెనకబడిన వర్గం కింద దరఖాస్తు పెట్టొచ్చు. పుట్టిన తేదీ పత్రం, చిరునామా రుజువు, ఆదాయం లేదా కులం సర్టిఫికెట్, ఫొటో ముందే సిద్ధం చేసుకోండి. ఆదాయం సర్టిఫికెట్ ఈ-సేవై కేంద్రంలో పెడితే విచారణయ్యేసరికి రోజులు పడుతుంది. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే గడువు దాటిపోతుంది. మామూలుగా ఎండాకాలంలో వచ్చే ఈ ప్రవేశాలు 2025లో కేంద్రం, రాష్ట్రం మధ్య నిధుల తగువు వల్ల అక్టోబర్ దాకా సాగాయి. కాబట్టి ఏటా తేదీ చూసుకోండి. సీట్లకంటే దరఖాస్తులెక్కువైతే లాటరీ. చిరునామా రుజువులో పాత ఇల్లుండి, దరఖాస్తులో కొత్త ఇల్లు రాస్తే కిలోమీటరు లెక్క దగ్గరే ఆగిపోతారు.

ఇంటి దగ్గర తెలుగు మైనారిటీ బడి ఉంటే అక్కడ అడగలేరు. 2014 ప్రమతి తీర్పు మైనారిటీ బడులకు ఈ 25 శాతం నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025లో ఇద్దరు జడ్జీలు ఆ తీర్పును అనుమానించి పెద్ద బెంచికి పంపారు. మన బడుల్లో మన పేదపిల్లలకు చోటు దొరకకపోవడం మనం సిగ్గుపడాల్సిన సంగతే.

చట్టం ప్రకారం చదువు ఫ్రీయే. అయినా వ్యాన్ డబ్బు, కార్యక్రమాల చందాలు అంటూ అడుగుతారు. దేనికి ఎంతో రసీదు అడిగి మరీ కట్టండి. అసలు దెబ్బ తొమ్మిదో తరగతిలో. ఈ హక్కు ఎనిమిదితో ఆగిపోతుంది, పద్నాలుగేళ్ల పిల్లకు హఠాత్తుగా పూర్తి ఫీజు చీటీ వస్తుంది. అప్పుడు గాభరా పడకుండా ఒక సంగతి గుర్తుంచుకోండి: ఆర్‌టీఈ కింద ఎనిమిది దాకా ప్రైవేటులో చదివి, తొమ్మిది నుంచి పన్నెండు ప్రభుత్వ బళ్లో చదివిన పిల్లలకూ పైన చెప్పిన 7.5 శాతం వర్తిస్తుంది. ఆ నాలుగేళ్లలో ఒక్క ఏడు ప్రైవేటులో ఉన్నా పోతుంది.

ప్రశ్న: ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు)లో ఒక కంపెనీలో మనుషుల్ని తీసుకునే పని నాది. అందరికీ ఒకే ఆన్‌లైన్ పరీక్ష పెడతాం. కులం, ఊరు అడగం. అయినా ప్రతిసారీ సిటీ కాలేజీ పిల్లలే దాటుతున్నారు. ఇది మా తప్పా?
– ఒక పాఠకుడు, షోళింగనల్లూరు

జవాబు: తప్పో కాదో తేల్చే లెక్కొకటి ఉంది. అమెరికాలో 1978 నుంచీ వాడుతున్న ఐదింట నాలుగు వంతుల సూత్రం. ఉదాహరణకు సిటీ కాలేజీల నుంచి 120 మంది రాస్తే 30 మందిని తీసుకున్నారనుకోండి, 25 శాతం. జిల్లా కాలేజీల నుంచి 80 మంది రాస్తే 12 మంది, 15 శాతం. 15ను 25తో భాగిస్తే 60 శాతం. 80కి తక్కువ వచ్చింది కాబట్టి పరీక్షను విప్పి చూడాలి. తప్పు రుజువైనట్టు కాదు, జ్వరం ఉన్నట్టు. పది పదిహేను మంది అభ్యర్థుల మీద ఈ లెక్క వేయకండి, ఒక్కరు అటూ ఇటూ అయితే అంకె తలకిందులవుతుంది.

విప్పడమంటే సెక్షన్లవారీగా చూడటం. కోడింగ్ మార్కుల్లో తేడా లేక, ఇంగ్లిష్ సెక్షన్‌లోనే జిల్లా పిల్లలు రాలిపోతున్నారా? అయితే ఆ ఉద్యోగంలో రోజూ ఇంగ్లిష్‌లో కస్టమర్‌తో మాట్లాడాలా అని అడగండి. అక్కర్లేకపోతే ఆ కటాఫ్ తీసేయండి, లేదా చేరాక మూడు నెలల్లో నేర్పండి. అమెరికాలోనే 1971లో డ్యూక్ పవర్ అనే విద్యుత్ కంపెనీ మీద గ్రిగ్స్ కేసు తీర్పు ఈ మాటే చెప్పింది: పనితో సంబంధం లేని డిగ్రీ, పరీక్ష అందరికీ ఒకేలా పెట్టినా అది అడ్డుగోడే. అవసరమైతే మాత్రం ఉంచుకోండి, మొహమాటం అక్కర్లేదు. ఇంటర్వ్యూలో అందరికీ అవే ఆరు ప్రశ్నలు అదే వరసలో వేసి, ఒక్కో జవాబుకూ అప్పటికప్పుడే ఐదుకి మార్కు వేయండి. అంతా అయ్యాక గుర్తు తెచ్చుకుని వేసే మార్కులో మన ఊరివాడు, మన యాస, మన కాలేజీ అన్నీ దూరిపోతాయి.

ప్రశ్న: బళ్లో పొద్దున టిఫిన్, ఆడవాళ్లకు ఫ్రీ బస్సు, నెలకు వెయ్యి. ఇవి అవకాశాలా, ఉచితాలా?
– ఒక పాఠకుడు, కొరుక్కుపేట

జవాబు: టిఫిన్ అవకాశమే. ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లకు ఎంత మంచి పాఠమైనా ఎక్కదు. ఈ ఊళ్లో ఆ సంగతి ముందు కనిపెట్టింది మన పిట్టి త్యాగరాయ చెట్టిగారు, 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో మధ్యాహ్న భోజనంతో. టీ నగర్‌లో ‘టీ’ ఆయనే. బస్సు కూడా అంతే, పని వెతుక్కోవడానికి పది కిలోమీటర్లు ఎక్కువ తిరగొచ్చు. వెయ్యి మాత్రం ఫలితం వైపుది, ఇల్లు కుంగిపోకుండా కాళ్ల కింద ఒక అడుగు నేల. దాని షరతుల్లో ఏడాదికి కరెంటు 3600 యూనిట్లు దాటకూడదని ఉంది. ఒకే మీటరు మీద మూడు వాటాలున్న ఇంట్లో అద్దెకుంటే ఆ గీత సులువుగా దాటేస్తారు. విడి మీటరు పెట్టించమని ఇంటివాళ్లను అడగండి.

ప్రశ్న: నాకు 71. కోడంబాక్కంలో ఇల్లు నా పేరిటే ఉంది. పెద్దవాడు డాలస్‌లో బాగా ఉన్నాడు. రెండోవాడి కొట్టు నడవడం లేదు. నన్ను చూసుకునేది అమ్మాయి. ముగ్గురికీ సమానంగా రాయమంటున్నారు బంధువులు. అది న్యాయమేనా?
– ఒక తల్లి

జవాబు: మీరేమీ రాయకపోతే చట్టం కొడుకులకూ కూతురికీ సమానంగానే ఇస్తుందమ్మా. మీ సొంత ఆస్తి గనక విల్లు ఎలాగైనా రాసుకోవచ్చు. ముందు ఒక కాగితం మీద ఎవరికి ఇప్పటికే ఎంత ఇచ్చారో వేయండి: పెద్దవాడి ఇంజనీరింగ్ డొనేషన్, రెండోవాడి కొట్టుకు పెట్టుబడి, అమ్మాయి పెళ్లి బంగారం. చాలా ఇళ్లలో ఈ లెక్క చూశాక సమానం అన్న మాటే మారిపోతుంది. అమ్మాయి చేసిన సేవను వాటాలో కలిపేయకుండా విడిగా ఒక మొత్తం రాసి, మిగిలినది పంచడం మేలని మా ఉద్దేశం. రెండోవాడికి కొంచెం ఎక్కువ ఇవ్వదలిస్తే ఇవ్వండి, కానీ కారణం మీరున్నప్పుడే ముగ్గురి ముందూ చెప్పండి. చెప్పలేని కారణమైతే సమానంగానే రాయండి.

ఇప్పుడే సెటిల్‌మెంట్ చేసేయమని ఎవరన్నా తొందరపెడితే ఆగండి. అది ఆ రోజే చేయి దాటిపోతుంది, విల్లు అయితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఒకవేళ సెటిల్‌మెంటే చేస్తే, మిమ్మల్ని పోషించాలన్న షరతు పత్రంలోనే రాయించండి. 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలో 23వ సెక్షన్ కింద రద్దు కోరడానికి అదే ఆధారం. విల్లుకు ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఇంటి నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు, తేదీ స్పష్టంగా ఉండాలి. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టండి. సాక్షులుగా వాటా లేనివాళ్లను, మీకంటే వయసులో బాగా చిన్నవాళ్లను పెట్టుకోండి. రేపు కోర్టులో “ఆవిడ నా ముందే సంతకం చేశారు” అని చెప్పాల్సింది వాళ్లే.